పైడి కొన్న చలికోటు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏడాది పొడుగునా ఎండే. మాఘమాసంలో కూడా అక్కడి జంతువులు నీడ వెతుక్కునేవి. మంచు అంటే ఏమిటో అక్కడ పుట్టినవాళ్ళెవరికీ తెలియదు.

ఆ అడవిలో పైడి అనే ముంగిస ఉండేది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే, ఆరుగురు తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ తనే సాకి పెద్దచేసింది. పొద్దున లేస్తే వాళ్ళకు తిండి వెతకడం, మధ్యాహ్నం బొరియ బాగుచేయడం, పొద్దు వాలేసరికి అందరినీ లోపలికి తోలడం. పైడికి తెలిసిన లోకం అంతే.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పెద్దవాళ్ళయ్యారు. ఒకరోజు ఆరుగురూ కలిసి రెండు మూటల వేరుశనగ తెచ్చి అక్క ముందు పెట్టారు.

"ఇవేమిటర్రా?" అంది పైడి.

"నీకే అక్కా. ఏడాదంతా మేం దాచాం. కుందేలు సోమన్న, పునుగుపిల్లి అలివేణి మంచుకొండకి సెలవులు గడపడానికి వెళుతున్నారట. అక్కడ కాళ్ళకి చెక్కలు కట్టుకుని మంచు మీద జారతారట. నువ్వూ వెళ్ళి నాలుగు రోజులు ఆడుకుని రా. నువ్వు ఆడుకోగా మేం ఎప్పుడూ చూడలేదు" అన్నారు వాళ్ళు.

పైడి మూటలు విప్పి చూసింది. ఆ రోజంతా మూటల దగ్గరే కూర్చుంది. ఒక్కో గింజ వెనక ఎంత కష్టం ఉందో తనకి తెలుసు. 'ఇందులో ఒక్క గింజ కూడా వృథా చెయ్యకూడదు' అనుకుంది.

మంచుకొండకి వెళ్ళాలంటే ముందు చలికోటు కావాలి. ముగ్గురూ కలిసి వారపు సంతకి వెళ్ళారు.

మొదట కాకి కొట్టు కనిపించింది. నేల మీద పరదా పరిచి, కోట్లు కుప్పగా పోసి ఉన్నాయి.

"రండి రండి! ఏది తీసుకున్నా నాలుగు దోసిళ్ళ వేరుశనగే! ఎరుపు, పసుపు, నీలం! మధ్యాహ్నం దాకా ఆగితే మిగలవు!" అని కాకి అరుస్తోంది.

సోమన్న ఎగిరి గంతేశాడు. ఒక ఎర్ర కోటు తొడుక్కుని చూసుకున్నాడు. లోపల దూది మెత్తగా ఉంది. "ఎంత చవకో చూడు పైడక్కా! నాలుగు రోజుల సంబడానికి ఇంతకన్నా ఎందుకు?" అని అక్కడికక్కడే కొనేశాడు.

తర్వాత నెమలి దుకాణం. అక్కడ తివాచీ, నిలువుటద్దం, వాకిట్లో పన్నీటి చిలకరింపు. కొయ్యకి ఒక పొడుగాటి కోటు వేలాడుతోంది. దాని అంచుల నిండా బంగారు రంగు దారంతో కుట్టుపని ఉంది. లోపల ఒత్తుగా ఉన్ని ఉంది. శిఖరాలెక్కే వీరులు తొడిగే కోటు అది అని నెమలి చెప్పింది. ఖరీదు రెండు మూటలు.

అలివేణి అద్దం ముందు నిలబడి అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఇక ఆగలేకపోయింది. తను తెచ్చుకున్న రెండు మూటలూ అక్కడే పెట్టేసింది.

"మరి చేతులకీ కాళ్ళకీ?" అని అడిగింది పైడి.

"ఇంత కోటు ఉండగా వాటితో పనేమిటే? నన్ను చూసి మంచే సిగ్గుపడాలి" అని నవ్వింది అలివేణి.

పైడికి ఏమీ తోచలేదు. చవకది కొంటే చలికి ఆగుతుందో లేదో. ఖరీదైనది కొంటే తమ్ముళ్ళు దాచినదంతా ఒక్క కోటుకే సరిపోతుంది. అలా తిరుగుతూ సంత చివరికి వచ్చింది.

అక్కడ ఒక ముసలి బాతు సూదిదారం పట్టుకుని కూర్చుని ఉంది. పేరు నాగరత్నమ్మ. ఏటా మంచుకొండలు దాటి వచ్చి, చలికాలం ఈ అడవి చెరువులో గడిపి వెళ్ళే బాతుల జాతి ఆమెది. రాలిన నూగు ఈకలు ఏరి, వాటితో కోట్లు కుట్టి అమ్ముతుంది.

పైడి ఆమె దగ్గరున్న కోట్లన్నీ చూసింది. భయం కొద్దీ అన్నిటికన్నా మందంగా ఉన్నదాన్ని పట్టుకుంది. "అవ్వా, ఇది ఇయ్యి. ఒకటిన్నర మూట అన్నావుగా. ఇచ్చేస్తాను."

నాగరత్నమ్మ సూది పక్కన పెట్టింది. "ఎన్నాళ్ళుంటావు అక్కడ?"

"నాలుగు రోజులు."

"శిఖరం ఎక్కుతావా?"

"లేదవ్వా. కింది వాలులో జారడమే."

"మళ్ళీ మళ్ళీ వెళతావా?"

"ఏమో. ఇదొక్కసారి వెళ్ళడమే నాకు గొప్ప."

"అయితే ఆ కోటు నీకు అమ్మను" అంది నాగరత్నమ్మ.

పైడి తెల్లబోయింది. 'నా దగ్గర మూటలున్నాయి. అమ్మనంటుందేమిటి?' అనుకుంది.

ముసలి బాతు మరో కోటు తీసింది. బూడిదరంగులో, చూపుకి సాదాగా ఉంది. దాని చేతి మీద చెంబెడు నీళ్ళు పోసింది. నీళ్ళు ముత్యాల్లా జారిపోయాయి కానీ లోపలికి ఇంకలేదు.

"చూశావా తల్లీ! మంచులో ప్రాణం తీసేది తడి. మంచులో పడతావు, లేస్తావు, మళ్ళీ పడతావు. ఆ మంచు కరిగి లోపలికి దిగిందంటే ఎంత దూది ఉన్నా దండగే. దీని కుట్లన్నిటి మీదా తేనెమైనం రుద్దాను. నీ నాలుగు రోజులకి ఇది చాలు. ముప్పావు మూట ఇయ్యి. మిగిలిన దాంట్లో రెండు ఉన్ని చొక్కాలు, చేతి తొడుగులు తీసుకో. ఒక చొక్కా ఒంటి మీద వేసుకో. రెండోది సంచిలో పొడిగా దాచుకో. అది మాత్రం మరిచిపోకు."

"నేనడిగింది అమ్మితే నీకే లాభం కదవ్వా?" అంది పైడి.

"లాభమే. కానీ నేను ఆ కొండల మీదుగా ఎగిరేదాన్ని. కింద ఎవరైనా వణుకుతూ కనిపిస్తే రెక్క ఆడదు నాకు" అని నాగరత్నమ్మ మళ్ళీ సూది అందుకుంది.

అవ్వ చెప్పినవన్నీ పైడి కొంది. ఇంకా ఒక మూట మిగిలింది. అది తనకీ అలివేణికీ కలిపి దారి తిండికీ, ఉండే చోటుకీ సరిపోయింది.

మంచుకొండ మీద వాళ్ళకి ఒక కొండనక్క చోటిచ్చింది. పేరు తులసమ్మ. వచ్చినవాళ్ళకి జారడం నేర్పడం, దారి తప్పినవాళ్ళని వెతికి తీసుకురావడం ఆమె పని. రోజూ మంచులో తిరిగీ తిరిగీ ఆమె కోటు అతుకులతో నిండిపోయింది.

"ఒక్క మాట గుర్తుంచుకోండి. గాలి దిక్కు మారిందంటే ఆట ఆపి కిందికి వచ్చెయ్యాలి" అని ఆమె మొదటిరోజే చెప్పింది.

ఆ రోజు ఎండ బాగా కాసింది. సోమన్న ఎర్ర కోటులో వాలంతా గంతులేశాడు. "చూశారా! నా నాలుగు దోసిళ్ళ కోటుకేం తక్కువ?" అన్నాడు. నిజమే, ఆ ఎండకి అది సరిపోయింది. అలివేణి మాత్రం జారలేదు. కోటు మాసిపోతుందని ఒక బండ మీద కూర్చుంది. పైడి పడింది, లేచింది, పడింది, లేచింది. తన బతుకులో అంతగా ఎప్పుడూ నవ్వలేదు. పడినప్పుడల్లా తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ గుర్తొచ్చారు.

రెండోరోజు సోమన్న కోటు లోపల చెమ్మ చేరింది. "రాత్రికి ఆరుతుందిలే" అన్నాడు. ఆరలేదు.

మూడోరోజు మధ్యాహ్నం ముగ్గురూ వాలు పైకంటా ఎక్కారు. ఆ రోజు అలివేణికి కూడా జారాలని మనసైంది. ఇంతలో చెవుల దగ్గర గాలి తిరిగింది.

"దిగిపోదాం" అంది పైడి.

"ఇంకొక్కసారి పైడక్కా, ఒక్కసారే" అన్నాడు సోమన్న.

ఆ ఒక్కసారి పూర్తయ్యేలోపే మంచు కురవడం మొదలైంది. చూస్తుండగానే ఎదుటి చెట్టు కనిపించలేదు. తర్వాత ఎవరి చెయ్యి వాళ్ళకే కనిపించలేదు. దారి పొడుగునా తులసమ్మ కట్టిన తాడు ఒకటి ఉంది. పైడి వెతికి వెతికి దాన్ని పట్టుకుంది. "తాడు వదలకండి! నా వెనకే రండి!" అని అరిచింది.

కొంత దూరం వెళ్ళాక సోమన్న ఆగిపోయాడు. వాడి ఎర్ర కోటు కుట్లు విచ్చుకుని, దూది తడిసి రాయిలా బరువెక్కింది. అంతసేపూ వణికినవాడు ఇప్పుడు వణకడం లేదు.

"నాకు నిద్రొస్తోంది పైడక్కా. కాసేపు ఇక్కడే కూర్చుంటాను. మీరు వెళ్ళండి" అన్నాడు మెల్లగా.

చిన్నప్పుడు జబ్బుతో ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెల్లెలు కూడా ఇలాగే మాట్లాడడం పైడికి గుర్తొచ్చింది.

"కూర్చోకు సోమన్నా! లే!" అంటూ వాడి తడి కోటు ఊడలాగింది. సంచిలోంచి రెండో ఉన్ని చొక్కా తీసింది. అది పొడిగా, వెచ్చగా ఉంది. వాడికి తొడిగి, చెంపలు గట్టిగా రుద్దింది. కానీ పైన గాలి కోసేస్తోంది. ఒక్క చొక్కా ఎలా ఆగుతుంది?

వెనక అలివేణి ఏడుస్తోంది. కోటులో ఒళ్ళు వెచ్చగానే ఉంది కానీ, తొడుగులు లేని వేళ్ళు కొయ్యబారిపోయాయి. తాడు పట్టు జారిపోతోంది. పైడి తన చేతి తొడుగుల్లో ఒకటి తీసి అలివేణికి ఇచ్చింది. "ఇది ఒక చేతికి వేసుకుని తాడు పట్టుకో. రెండో చెయ్యి చంకలో పెట్టుకో. నేనూ అలాగే చేస్తాను."

తొడుగు వేసుకున్నాక అలివేణి సోమన్న వంక చూసింది. వాడి ఒళ్ళంతా బురదమంచు. పెదవులు నీలంగా ఉన్నాయి. అలివేణి ఇంకేమీ ఆలోచించలేదు. పైడి చేత తన పొడుగాటి కోటు బొత్తాలు విప్పించి, "రా, ఇందులోకి దూరు" అంది.

"నీ కోటు పాడవుతుంది" అని గొణిగాడు సోమన్న.

"పాడవనీరా వెర్రివాడా! నువ్వు దూరు ముందు!"

ఒక్క కోటులో ఇద్దరూ ఒదిగారు. ముందు పైడి, వెనక వాళ్ళిద్దరూ. అడుగులో అడుగు వేసుకుంటూ దిగారు. పైడి మాటిమాటికీ వెనక్కి తిరిగి, "సోమన్నా, పలుకు!" అని పిలిచింది. వాడు ప్రతిసారీ "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" వినిపించినప్పుడల్లా తన ప్రాణం లేచివచ్చింది.

అంతలో కింద గంట మోగింది. తులసమ్మ గంట వాయించుకుంటూ తాడు పట్టుకుని ఎదురొస్తోంది. ముగ్గురినీ ఇంటికి చేర్చింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేడివేడి జావ తాగించింది. చాలాసేపటికి సోమన్న మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు.

"వణుకుతున్నాడంటే ఇక భయం లేదు" అంది తులసమ్మ. అప్పుడుగానీ పైడి ఏడవలేదు.

సోమన్న కాస్త తేరుకున్నాక పైడి చెయ్యి పట్టుకున్నాడు. "పైడక్కా, నీ చొక్కా లేకపోతే నేను లేను. అలివేణీ, నీ కోటు లేకపోయినా నేను లేను."

"నాదేముందిరా! పొడి చొక్కా దాచుకోమన్నది నాగరత్నమ్మవ్వ. నేనడిగిన పెద్ద కోటు అమ్మేసి ఉంటే, ఈ చొక్కా ఉండేది కాదు, తొడుగులూ ఉండేవి కావు. అడవికి వెళ్ళగానే ముందు ఆ తల్లి కాళ్ళకి దణ్ణం పెడతాను. ఆ తర్వాత మా పిల్లల దగ్గరికి" అంది పైడి.

అలివేణి తల వంచుకుంది. "నాకు కావలసింది తొడుగులు. నేను కొన్నది అద్దంలో బొమ్మని" అంది.

మర్నాడు ఎండ వచ్చింది. తిరుగు ప్రయాణానికి ముగ్గురూ సిద్ధమయ్యారు. తులసమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమె కోటు మోచేతుల దగ్గర అతుకు ఊడి, గాలికి రెపరెపలాడుతోంది. అలివేణి అది చూసింది. తన పొడుగాటి కోటు విప్పి, మంచు దులిపి, ఆమె చేతుల్లో పెట్టింది.

"ఇంత ఖరీదైనది నాకెందుకమ్మా?" అని వెనక్కి జరిగింది తులసమ్మ.

"నేను నాలుగు రోజులు తొడుక్కున్నాను. అందులో రెండు రోజులు కూర్చునే ఉన్నాను. నువ్వు రోజూ ఈ మంచులో మాలాంటివాళ్ళని వెతుకుతావు. ఈ కోటు నీ కోసం కుట్టిందే అక్కా. కాదనకు" అంది అలివేణి.

తులసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ కొండ మీదికి ఎంతోమంది వచ్చారు, వెళ్ళారు. నాకు చలేస్తుందని ఎవరికీ తట్టలేదు" అంది.

కిందికి వెళ్ళే దారిలో అలివేణి చలికి ముడుచుకుంటే, సోమన్న, పైడి తనకిచ్చిన ఉన్ని చొక్కా ఆమెకి తొడిగి తను పైడి పక్కన నక్కి నడిచాడు. దిగువకు వెళ్ళే కొద్దీ ఎండ వేడెక్కింది. ఒక మలుపులో పైడి వెనక్కి తిరిగి చూసింది. ఎత్తున తెల్లటి వాలు మీద తులసమ్మ కొత్త కోటు తొడుక్కుని, నిటారుగా, నిదానంగా శిఖరం వైపు నడిచి వెళుతోంది.

నీతి: చవకనీ ఖరీదనీ చూసి కాదు, మన అవసరం చూసి కొనుక్కోవాలి; తమ లాభం మానుకుని మనకి మేలు చెప్పినవాళ్ళని జన్మలో మరవకూడదు.