ఈసారి మా వైపు నుంచి

ఊరి చివరనున్న పల్లపుపేట మీరూ చూశారుగా, ఏం చూశారో చెప్పండి! మోకాలి లోతు బురదేగా? ఏటా వానలకు ముందు కోట దగ్గర మొదలుపెట్టి బాటకు రాళ్లు పరుస్తారు. పేట దాకా వచ్చేసరికి రాళ్లు అయిపోతాయి. బుట్టలల్లే సుంకులమ్మ కోడలు ఆ బురదలో దిగబడిన బండిలోనే ప్రసవించింది. సుంకులమ్మ మండిపడుతూ రాజసభకు వెళ్లి నిలదీసింది.

"ఊరంతటికీ సరిపడా రాళ్లు తెప్పిస్తున్నాను ప్రభూ! బురద వీళ్ల నుదుటి రాత," అన్నాడు మంత్రి.

"సరిపోతాయంటే ఇంకేం దొరా! ఈసారి మా వైపు నుంచి మొదలెట్టించండి."

రాజు నవ్వి సరేనన్నాడు. కోట పక్కనున్న మంత్రి వాకిలి చేరకముందే రాళ్లు అయిపోయాయి. తొలి వానకే ఆయన పల్లకీ బురదలో కూలబడింది.

"దొరా, ఇదీ నుదుటి రాతేనా?" అని పలకరించింది సుంకులమ్మ.

తెల్లారేసరికి మంత్రి వాకిట్లో బండ్లకొద్దీ రాళ్లు దిగాయి.

మరి ఇన్నేళ్లూ ఆ రాళ్లు ఎక్కడున్నాయంటారు?