చేదు పోవడానికి సున్నుండలు

గజభూపతి మహారాజుకి మధుమేహం ముదిరి గుండె దాకా వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, దిగితే దడ. వైద్యుడు గుండెకి బలమని మద్దిచెక్క కషాయం ఇచ్చి, తీపి ముడితే మాత్రం ప్రాణానికే ముప్పన్నాడు. రాణి హడలిపోయి ఒట్టు వేయమంది. రాజు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, “కషాయం తాగాక నోటి చేదు పోవడానికి తప్ప తీపి ముట్టను” అన్నాడు. ఇంకేముంది, గుక్కెడు కషాయానికి పళ్ళెం నిండా సున్నుండలు!

కషాయం కాచే వీరక్క చూసి చూసి విసిగిపోయింది. ఒకరోజు అందులో పొడపత్రి ఆకు నూరి కలిపింది. రాజు కషాయం తాగి, సున్నుండ నోట్లో వేసుకుని, తూ అని ఉమ్మేశాడు.

“ఒట్టి ఇసుక! ఆ వంటవాణ్ణి కొరడాతో కొట్టండి!”

“వాడి తప్పేం లేదు ప్రభూ. కషాయంలో పొడపత్రి కలిపింది నేను. అది తగిలిన నాలుకకి కాసేపు తీపి తెలీదు.”

“నా సున్నుండలు పాడు చేస్తావా?”

“అవి నిక్షేపంగా ఉన్నాయి ప్రభూ. నేను ముట్టుకున్నది కషాయాన్నే.”

రాజు పళ్ళు నూరాడు. “కాసేపంటే ఎంతసేపు?”

“రెండు గడియలు.”

“అయితే రెండు గడియలు ఆగే తింటాను!”

“అలాగే తినండి. కానీ అప్పటికి నోట్లో చేదు ఉండదు కదా ప్రభూ. మరి ఒట్టో?”

పక్కనే ఉన్న రాణి తన తల తడుముకుంది. రాజు పళ్ళేన్ని చివరిసారి చూసుకుని, భటులు పట్టుకొచ్చిన వంటవాడి ముందుకి తోశాడు.

“దెబ్బలు వద్దులే. ఇవి తిను.”