కుందేలుకు మూడిళ్ళు

పేరమ్మ అని, నలభై ఆరేళ్ళ మనిషి, అనగనగా ఒక కోటలో ఊడ్చే పని చేస్తూ ఉండేది. అన్నం నిలబడే తినేది. కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఓపిక కావాలి గదా.

ఒకనాడు ఆ కోటకు ఒక తెల్ల కుందేలు కానుకగా వచ్చింది. రాజుకు ముచ్చటేసింది. "దీన్ని నా మందిరంలోనే, నా కళ్ళెదుటే పెంచాలి. మంచి ఇల్లు కట్టించండి" అన్నాడు.

మొదటి ఇల్లు మంత్రి కట్టించాడు. ఇత్తడి పంజరం. అడుగున కూడా ఇత్తడి తీగలే. "పెంటికలన్నీ సందుల్లోంచి కిందికి రాలిపోతాయి మహారాజా. శుభ్రం చేసే బాధే లేదు" అన్నాడు.

రాలిన మాట నిజమే. రాలినవాటిని పేరమ్మ పంజరం కిందికి దూరి, బోర్లా పడుకుని తీసింది. నెల తిరిగేసరికి కుందేలు అరికాళ్ళ బొచ్చు ఊడి పుండ్లు పడ్డాయి.

రెండో ఇల్లు ఆస్థాన శిల్పి కట్టాడు. గంధపు చెక్క మేడ. ఏడు బుల్లి గదులు, గదికో కిటికీ, కిటికీకి రెండు హంసలు, నేల నిండా మఖమల్ తివాచీ. తివాచీ తడి పీల్చింది. హంసల మెడల్లో బొచ్చు చిక్కుకుంది. ఆ తలుపుల్లో పేరమ్మ చెయ్యి మోచేతి దాకా కూడా పట్టలేదు. ఈనెపుల్లతో గీకింది. పది రోజులకు మందిరమంతా కంపు. కుందేలు మేత మానేసింది.

రాజు ముక్కు మూసుకుని పేరమ్మను పిలిపించాడు. "ఇంత మంచి ఇల్లు కట్టించి ఇస్తే ఊడ్చుకోలేవా? పున్నమినాటికి కుందేలు కోలుకోవాలి. లేదా నువ్వు కోట దాటి పోవాలి."

పున్నమి ఇంకా పన్నెండు రోజులుంది. కోట దాటితే పేరమ్మకు వేరే నీడ లేదు.

ఆమె వెళ్ళి ఆ మేడ పక్కన చతికిలబడింది. "చావకే తల్లీ. నువ్వు పోతే నన్నూ పంపేస్తారు" అంది.

"చావాలని నాకు మాత్రం సరదానా?" అంది కుందేలు. "కాళ్ళు మండుతున్నాయి. గెంతుదామంటే తల గోడకు కొట్టుకుంటోంది."

"మరి రాజుగారితో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మూతి ఎంత ముద్దుగా కదుపుతోందో అన్నాడు."

పేరమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే నడుం నొప్పి. "నాదీ అదే కథలేవే. నాకు ఆ ముద్దు కూడా దక్కలేదు."

"ఏడు గదులు నేనడిగానా అక్కా? నేను ఉచ్చ పోసుకునేది ఒక్క మూలే. అదీ గడ్డి నములుతూ."

"తెలుసు. ఏడూ కడిగేది నేనేగా. ఎప్పుడూ ఉత్తరపు గదే తడి" అంది పేరమ్మ. అని, ఆ మాటనే ఆలోచించింది.

మర్నాడు మూడో ఇల్లు తనే కట్టింది. నేలకు నున్నటి నాపరాళ్ళు. వాటిమీద ఉతుక్కోడానికి వీలైన నూలు జంపఖానా. చుట్టూ నడుమెత్తు వెదురు దడి, మనిషి వంగకుండా లోపలికి నడిచేంత తలుపు. ఉత్తరం మూల వెడల్పాటి మట్టి మూకుడు, అందులో ఎండుగడ్డి, దానిపైన నోటికందేలా మేత కట్ట. ఒరిగిపోని రాతి గిన్నెలో నీళ్ళు. దాక్కోడానికి బోర్లించిన గంప, దానికో కన్నం.

మంత్రి మూతి విరిచాడు. "ఇది ఇల్లా? మేకల దొడ్డిలా ఉంది."

"మేకలకు పుండ్లు లేవు గదయ్యా" అంది పేరమ్మ.

పొద్దున్నే మూకుడు తీసుకెళ్ళి తోటకూర మడిలో బోర్లిస్తే అదే ఎరువు. జంపఖానా దులిపి ఎండేసి, ఇంకోటి పరిస్తే పని అయిపోయినట్టే. తాంబూలం నమిలేంత సేపు. పున్నమినాటికి పుండ్లు మానుముఖం పట్టాయి. కుందేలు ఈ దడి నుంచి ఆ దడికి గెంతింది.

రాజు మెచ్చుకున్నాడు, మంత్రిని. "మంచి మనిషిని పనిలో పెట్టావయ్యా."

మంత్రి పొంగిపోయి పేరమ్మ వైపు తిరిగాడు. "నీకిప్పుడు బోలెడు తీరిక చిక్కింది గదా. రేపట్నుంచి ఏనుగుశాల కూడా ఊడ్చు."

"ఆ తీరిక నేను చేసుకున్నదయ్యా. ఎవరూ ఇచ్చింది కాదు" అంది పేరమ్మ. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. "మహారాజా, ఏనుగుశాల కట్టించిందీ మంత్రిగారే. మూడు రోజులు వారు ఊడ్చి, ఎలా ఊడ్వాలో నాకు చూపించమనండి."

రాజుకు ఆ మాట సబబుగానే తోచింది. మంత్రి తన పట్టు ఉత్తరీయం చూసుకున్నాడు. ఏనుగుల వైపు చూశాడు. "ఏదో మాటవరసకి అన్నానులే" అన్నాడు.

పిల్లలూ, పెద్దలూ, ఊడ్చే చేతిని అడక్కుండా ఇల్లు కట్టకండి. ఆ చెయ్యి తన పని తానే తేలిక చేసుకుంటే, మిగిలిన పొద్దు దానిదే.

పేరమ్మ మరో పదిహేనేళ్ళు ఆ కోటలో పనిచేసింది. ఏనుగుశాల ఒక్కనాడూ ఊడవలేదు.