వైశాఖంలో మంచు

చోడవరంలో టైర్ల కొట్టు నడిపే గౌరీశ్వరరావు అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన నోటికి అన్ని మాటలూ వచ్చేవి గానీ "తెలీదు" అన్న ఒక్క మాట మాత్రం ఛస్తే వచ్చేది కాదు. దారి అడిగితే, ఆ ఊరి పేరు తను ఎన్నడూ వినకపోయినా సరే, "ఎడమకి తిరుగు" అనేవాడు. అన్నిటికంటే ఆయనకు వాతావరణం పిచ్చి ఎక్కువ. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాడు రేపటి గాలీవానా గురించి విని వెళ్లాల్సిందే.

ఆ ఊళ్లో మబ్బుల పిచ్చి ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు ఉండేవారు. ఒకరు ఇందుమతి టీచరు. రెండోవాడు మందుల షాపు కనకయ్య. గౌరీశ్వరరావు తానా అంటే ఈయన తందానా అనేవాడు. ముగ్గురూ ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని, పొద్దస్తమానం మబ్బుల ఫొటోలు పంపుకునేవారు.

ఒక వైశాఖమాసంలో, ఎండకి ఊరంతా మాడిపోతున్నప్పుడు, గౌరీశ్వరరావు ఫోన్లో ఏదో పటం చూసి కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. పాడేరు దాటాక కొండమీద పనసగరువు అనే ఊరుంది. పటంలో సరిగ్గా ఆ ఊరి మీద ఒక తెల్లటి మచ్చ కనిపించింది.

"మంచు!" అని అరిచాడు. "శీతాకాలం పొగమంచు కాదండోయ్, హిమాలయాల్లో కురిసే మంచు! ఎల్లుండి పనసగరువులో మంచుతుఫాను!"

"వైశాఖంలో మంచేమిటండీ?" అంది టీచరు. "నా ఫోన్లో వాన అని చూపిస్తోంది."

"నా ఫోన్లో ఎండ చూపిస్తోంది," అన్నాడు కనకయ్య. గౌరీశ్వరరావు ఉరిమి చూసేసరికి, "కానీ మీరు మంచంటే మంచే," అని సర్దుకున్నాడు.

ఆ తెల్లమచ్చకి అర్థమేమిటో ముగ్గురిలో ఎవరికీ సరిగ్గా తెలీదు. అయినా ఆ రాత్రే తుఫానుకి "ధవళ" అని పేరు పెట్టేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

చెప్పిన రోజున ముగ్గురూ స్వెట్టర్లు తొడుక్కుని, మంకీ టోపీలు పెట్టుకుని, కారులో కొండెక్కారు. పనసగరువు చేరేసరికి చెమటకి తడిసి ముద్దయ్యారు.

"చలి ఇంకా రాలేదేమిటి?" అన్నాడు కనకయ్య.

"మంచుతోపాటే వస్తుంది," అన్నాడు గౌరీశ్వరరావు.

ఊరి పైభాగంలో ఉన్న ఒక పెంకుటింటి ముందు కారు ఆపారు. ఆ ఇల్లు కాసులమ్మ అనే ఆవిడది. ఆవిడ వాళ్ల టోపీలు చూసి కాసేపు తెల్లబోయి, ఆనక తేరుకుని టీ ఇచ్చింది. టీ తాగుతూ గౌరీశ్వరరావు తమ మబ్బుల విద్య గురించీ, రాబోయే మంచు గురించీ ఆవిడకి గొప్పగా చెప్పాడు. ఇంటి ముందు కళ్లంలో పెద్ద టార్పాలిన్ పరిచి, దాని మీద మిరియాలు ఎండబోసింది.

"ఏడాదికి వచ్చేది ఈ మిరియాలే, బాబూ," అంది కాసులమ్మ. "రేపు సంతకి పట్టుకెళ్తాను. ఇవి అమ్మితేనే వానలు పడకముందు ఇంటికి రేకులు. నిరుడు ఈ పెంకుల్లోంచి నీళ్లు కారి, గిన్నెలన్నీ మంచం చుట్టూ పెట్టుకుని పడుకున్నాం."

ఆవిడ అలా అంటూండగానే కొండ వెనకనుంచి నల్లటి మబ్బు లేచింది. గాలి ఒకసారి వేడిగా, ఒకసారి చల్లగా కొట్టింది. ఇందుమతి టీచరు ఆకాశం వంకా ఫోను వంకా మార్చి మార్చి చూసింది. ఒకదానికొకటి పొంతన కుదరలేదు.

కాసులమ్మ చేట పట్టుకుని కళ్లం దగ్గర నిలబడింది. "సారూ, మబ్బేస్తంది. మిరియాలు ఎత్తీమంటారా? ఇంకొక్క పూట ఎండితే బాగున్ను. పచ్చి మీద మూటగడితే బూజట్టేస్తాది. మీరు ఆకాశం సదివినోళ్లు కదా, సెప్పండి."

మంచు అనేదాన్ని గౌరీశ్వరరావు సినిమా పాటల్లో తప్ప చూసి ఎరగడు. అది తడుపుతుందో తడపదో, అసలు వస్తుందో రాదో ఆయనకేం తెలుసు? "తెలీదమ్మా" అన్న మాట గొంతుదాకా వచ్చింది. పక్కన కనకయ్య భక్తిగా చూస్తూ నిలబడ్డాడు. ఆ మాట వెనక్కి వెళ్లిపోయింది.

"ఎత్తకు!" అన్నాడు. "మంచు దూదిలా పడుతుంది. దులిపేస్తే పోతుంది. మిరియాలకేం కాదు, పూచీ నాది."

"దులిపితే పోతాదా?" కాసులమ్మ అయోమయంగా చూసింది. "నానెప్పుడూ సూళ్లేదు బాబూ."

"నాకు తెలుసు కదమ్మా!"

ఆవిడ మబ్బుని ఇంకోసారి చూసింది. చేట కింద పెట్టింది.

అంతలో ఉరిమింది. "గౌరీశ్వరరావు గారూ," అంది టీచరు, "మంచు కురిసేటప్పుడు ఉరుములు వస్తాయా?"

"పెద్ద మంచుకి వస్తాయి."

"పెద్దదానికి వస్తాయి," అన్నాడు కనకయ్య.

టార్పాలిన్ మీద ఠప్పున తెల్లటిదేదో పడింది. దాని పక్కన ఇంకొకటి. "వచ్చిందర్రా ధవళ!" అంటూ గౌరీశ్వరరావు టోపీ తీసి పారేసి, రెండు చేతులూ చాచి కళ్లం మధ్యకు పరిగెత్తాడు. మూడోది నేరుగా ఆయన బట్టతల మీద పడింది.

"అమ్మోయ్!"

మంచూ కాదు గించూ కాదు. వడగళ్లు! ఉసిరికాయలంతేసి వడగళ్లు, వెనకాలే కుండపోత వాన. పెంకులు పెళపెళా పగిలాయి. కాసులమ్మ ఒంటి మీద దెబ్బలు పడుతున్నా ఆగకుండా వెళ్లి టార్పాలిన్ అంచు పట్టుకుంది. గౌరీశ్వరరావు రెండో అంచు పట్టుకున్నాడు. ఈ గోలలో ఎటు లాగాలో ఇద్దరికీ తెలియలేదు. ఆవిడ ఇంటివైపు లాగింది, ఆయన కారువైపు లాగాడు. గాలి మధ్యలో దూరి టార్పాలిన్‌ని తిరగేసింది. ఎండిన మిరియాలన్నీ వాననీటితో కలిసి వాలు వెంట జారుకుంటూ కింద పారే గెడ్డలోకి పోయాయి.

వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ వెలిసింది. వెంటనే ఎండ కూడా కాసింది. కళ్లమంతా తెల్లగా వడగళ్లు, వాటి మధ్య అక్కడక్కడా నల్లగా మిరియాలు. పాపం, కాసులమ్మ చేట వెతుక్కుని వచ్చి, వాటి ముందు కూర్చుంది. ఆవిడ తిడుతుందనుకుని ముగ్గురూ తలలు వంచుకున్నారు. ఆవిడ తిట్టలేదు. మొహం నిండా అయోమయంతో గౌరీశ్వరరావునే అడిగింది.

"ఇవి వడగళ్లు కదా సారూ. మరి మీరన్న మంచు ఇంకా వస్తాదా? మిగిలిన ఈ నాలుగు గింజలూ ఎత్తీమంటారా, ఉంచీమంటారా?"

గౌరీశ్వరరావు కనకయ్య వైపు చూశాడు. కనకయ్య నోట తందానా రాలేదు. అంత వయసొచ్చిన గౌరీశ్వరరావు ఆ బురదలో ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "ఇందాక నువ్వు అడిగినప్పుడు కూడా తెలీదు."

కాసులమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఆ ముక్క అప్పుడే సెప్తే నా మిరియాలు నానే ఎత్తుకుందును కదా బాబూ! మబ్బు సూసి గింజలెత్తుకోడం నాకు కొత్తేటి? మీకు తెలుసన్నారని ఊరుకున్నాను."

ముగ్గురూ స్వెట్టర్లు విప్పి, గింజలు ఏరి వాటిలో పోశారు. పొద్దు వాలేదాకా ఏరినా చేటెడు కూడా కాలేదు.

ఆ వారంలోనే గౌరీశ్వరరావు కొట్టుకి తాళం వేసి, రేకులు లారీకెక్కించి, పనివాళ్లతో కొండెక్కాడు. పని అయ్యేదాకా దగ్గరుండి, తొలకరికి ముందే ఇల్లు కప్పించాడు. కాసులమ్మ వద్దనలేదు. ఎందుకంటుంది? టీ మాత్రం ఇచ్చింది.

ఇప్పుడు ఆ టైర్ల కొట్టుకి వెళ్లి, "రేపు వానొస్తుందా గౌరీశ్వరరావు గారూ?" అని అడిగితే ఆయన బయటికి వచ్చి, ఆకాశం వంక చూసి, "నాకు తెలీదు బాబూ. ఫోన్లో వానుంది, పైన ఎండుంది. నీ ధాన్యం నువ్వు చూసుకో," అంటాడు. అడిగినవాళ్లు మొదట తికమకపడతారు. తర్వాత ఇంటికెళ్లి, గింజలు ఎత్తాలో వద్దో వాళ్లే ఆలోచించుకుంటారు.

నీతి: తెలియనప్పుడు తెలియదని చెప్పడం చిన్నతనం కాదు, తెలుసని బొంకితే మన పరువు పోవడం అటుంచి, మనల్ని నమ్మినవాళ్లు తమ తెలివిని కూడా పక్కన పెట్టి నష్టపోతారు.