చావు లేని వైద్యశాల

ఒకానొక రాజ్యాన్ని రణధీరవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన కట్టించిన వైద్యశాల అంటే ఆయనకు ఎంత గర్వమో చెప్పలేం.

"మా వైద్యశాలలో ఇంతవరకు ఒక్కరూ చనిపోలేదు. ఇలాంటిది మరో రాజ్యంలో ఉందా?" అని కొలువులో ఒకరోజు మీసం దువ్వుకున్నాడు.

ఆస్థాన వైద్యుడు అనంతభట్టు వినయంగా తల వంచాడు. విదూషకుడు కుప్పన్న మాత్రం ఆ మాటకు తలూపలేదు. అతని పొరుగింటి కుమ్మరి వీరయ్య జ్వరంతో వెళ్తే ఆ వైద్యశాల వాళ్లే గుమ్మంలోంచి తిప్పి పంపారు. ఇప్పుడతను ఇంట్లో మూలుగుతున్నాడు.

"ప్రభూ, మనిద్దరం మారువేషంలో ఒకసారి చూసొద్దామా?" అన్నాడు కుప్పన్న.

"సరే. లోపం చూపిస్తే కోరింది ఇస్తాను. చూపించలేకపోతే నీ సగం మీసం గొరిగిస్తాను," అన్నాడు రాజు.

మర్నాడు ఇద్దరూ ముతక బట్టలు కట్టుకుని వెళ్లారు. రాజు తన నటన చూపించాలని గుమ్మం దగ్గరే కళ్లు తేలేసి, ఆయాసపడుతూ దగ్గాడు. ఉపవైద్యుడు నాడి పట్టుకోకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది ముదిరిన దగ్గు. ఇక్కడ కుదరదు. వేరే ఊరు తీసుకుపో."

"మరి నన్ను చూడండి బాబూ. నాకు ఆవలింతలు ఆగడం లేదు," అన్నాడు కుప్పన్న.

"అయ్యో, లోపలికి రండి. మెత్తని పరుపు వేయిస్తాను."

తెరిచిన తలుపులోంచి రాజు తొంగి చూశాడు. మంచాల మీద నున్నగా బలిసినవాళ్లు నేతి అన్నం తింటూ కబుర్లాడుకుంటున్నారు. ఆయన తలపాగా లాగి పారేసి, "అనంతభట్టూ!" అని గర్జించాడు.

వైద్యుడు పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు. "ఒక్కరు చచ్చినా నా పదవి ఊడుతుందని తమరే ఆజ్ఞాపించారు ప్రభూ. బతికేవాళ్లనే చేర్చుకుంటున్నాను."

రాజు ఎవరిని దండించాలో తోచక కుప్పన్న వంక చూశాడు.

"తమ ఆజ్ఞ చక్కగా నెరవేరింది ప్రభూ. చావును ఆపమంటే వీళ్లు రోగుల్ని ఆపారు," అన్నాడతను.

రాజు మొదట ముఖం ముడుచుకున్నాడు. తరవాత తన దగ్గు నటన తలచుకుని పగలబడి నవ్వాడు. ముతక బట్టల కింద దాచుకున్న హారం తీసి కుప్పన్న మెడలో వేశాడు.

"ఇది నా సంతోషానికి. గెలిచావు కదా, ఇప్పుడు కోరుకో."

"కుమ్మరి వీరయ్యను ఈ పూటే చేర్చుకోమనండి."

అనంతభట్టు చేతులు జోడించాడు. "ప్రభూ, అతని జ్వరం బాగా ముదిరింది. ఒకవేళ దక్కకపోతే?"

"నీ పదవి పోదు," అన్నాడు రాజు. "అలా జరిగితే నువ్వూ నేనూ కలిసి వాళ్లింటికి వెళ్దాం. ఏం చేశామో, ఎక్కడ తప్పామో అతని భార్యకు మన నోటితోనే చెబుదాం. పద, ముందు మందు సంగతి చూడు."