మొదటి ఆకు ఎవరిది?

"ఈ పంక్తిలో మొదటి ఆకు ప్రభువుది. క్రిస్మస్ నాడు ఆకలితో ఎవరొచ్చినా ఆయనే వచ్చాడనుకుని ఆ ఆకు ముందు కూర్చోబెడతాం. ఊరున్నంత కాలం ఈ మాట తప్పం."

వినండి పిల్లలూ. కాలువలు పారే ఒకానొక సీమలో, ఒక చిన్న ఊళ్ళో, తాటాకులతో గుడి కట్టుకున్న నాడు జనమంతా నిలబడి పలికిన మాట ఇది. పలికించినవాడు సంఘపెద్ద ఫిలేమోను.

ఆ మొదటి ఆకు వేసే పని దీనమ్మది. క్రిస్మస్ ఆరాధన ముగిసి, ప్రేమవిందుకు అందరూ బారులు తీరేముందు ఆమె తన పెరట్లో లేత అరిటాకు కోసి, కడిగి, గుమ్మానికి ఎదురుగా పరిచేది. వేడన్నం మొదట దానిలోనే వడ్డించేవారు.

ఏటా ఆ వేళకు గురవయ్య వచ్చేవాడు. ఆయన బాతులు మేపే ముసలివాడు. కోతలైన చేలల్లో రాలిన గింజల కోసం మందను తోలుకుంటూ మెట్ట నుంచి దిగేవాడు. ఆయనది ఈ ఊరూ కాదు, ఈ గుడీ కాదు.

"రా అన్నా, నీ కోసమే ఆకేశాం," అనేది దీనమ్మ.

"నా కోసమా, మీ దేవుడి కోసమా?"

"ఇద్దరికీ ఒకటే ఆకు. సిగ్గుపడకుండా మారు అడుగు."

ఏళ్ళు గడిచాయి. తాటాకు పోయి పెంకు వచ్చింది, పెంకు పోయి స్లాబు వచ్చింది. పట్నం వెళ్ళి బట్టల కొట్టు పెట్టిన ఊరి కుర్రాడు రాయప్ప పండుగను బండ్లకెత్తి ఊళ్ళోకి తెచ్చాడు.

మొదటి ఏడు దీపాల తోరణాలు తెచ్చాడు, తాటిచెట్టంత నక్షత్రం తెచ్చాడు. గుడి ధగధగలాడింది.

"ఇంత చేసినవాణ్ణి మూల కూర్చోబెడతామా?" అన్నాడు ఫిలేమోను. "దీనమ్మా, ఆ ఆకు ఇలా రాయప్ప ముందుకు జరుపు."

"అది ప్రభువుది కదా పెద్దయ్యా!"

"ఆయనేమీ అనుకోడులే. ఓర్పు ఎక్కువ."

అందరూ నవ్వారు. దీనమ్మ వంగి ఆకును జరిపింది. గురవయ్య పంక్తి చివర కూర్చుని తిన్నాడు.

రెండో ఏడు కేకులొచ్చాయి, కానుకల పొట్లాలొచ్చాయి, లక్కీ డ్రా వచ్చింది. డ్రాకు వేళవుతోందని, పశువుల తొట్టిలో పుట్టినవాడి కథను పాస్టరు సగంలోనే ఆపేశాడు. ఎవరూ మిగతా సగం అడగలేదు.

"ఇంకా ఆకులేంటత్తా, మోటుగా? ఫొటోల్లో బాగోదు," అని రాయప్ప ప్లేట్లు పెట్టించాడు.

గురవయ్యకు వంటపందిరి వెనక, గిన్నెలు కడిగేచోట అన్నం పెట్టారు. పెట్టింది దీనమ్మే. ఆయన ముఖం చూడలేకపోయింది.

మూడో ఏడు గేటు వచ్చింది. రాయప్ప కొట్లో కొత్తబట్టలు కొన్నవాళ్ళకే విందు చీటీ. చీటీ ఉన్నవాళ్ళకే లోపల చోటు. దీనమ్మ మాత్రం అలవాటు కొద్దీ ఆకు కోసి తెచ్చింది. వడ్డనల హడావుడి తగ్గాక గేటు దగ్గరికి వెళ్ళింది.

"గురవయ్యన్న ఇంకా రాలేదా?"

"ఎవరు, ఆ బాతుల ముసలాయనా?" కాపలావాడు నవ్వాడు. "వచ్చాడు. చీటీ ఏదంటే వెర్రిమొహం వేశాడు. 'ఆకు ముందు కూర్చోడానికి చీటీ ఏంటి బాబూ?' అంటాడు! పంపించేశాం."

దీనమ్మ ఆకులో అన్నం పెట్టుకుని కాలువగట్టు వెంట పరుగెత్తింది. దూరాన ఆయన కనిపించాడు. కర్ర మీద వాలి, దగ్గుతూ మందను అదిలిస్తున్నాడు.

"అన్నా, ఆగు! అన్నం తెచ్చాను."

ఆయన ఆకు వైపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"ఆకలి లేక కాదు తల్లీ. నిన్నటి నుంచీ ఏమీ తినలేదు. నాకొక్క మాట చెప్పు. మీ దేవుడు ఊరు వదిలి వెళ్ళిపోయాడా?"

ఆయన బాతుల వెనకే వెళ్ళిపోయాడు. ఆమె చేతుల్లో అన్నం చల్లారిపోయింది.

మళ్ళీ కోతలు వచ్చాయి. మందలు దిగాయి. వాటిలో గురవయ్య మంద లేదు.

"ఆ పెద్దాయనా? వానల్లోనే పోయాడమ్మా," అన్నారు తోటి కాపరులు.

ఆ ఆదివారమే పండుగ ఏర్పాట్ల కోసం సంఘం కూడింది. "ఈసారి నక్షత్రం ఇంకా పెద్దది!" అంటున్నాడు రాయప్ప. దీనమ్మ లేచి నిలబడింది.

"చచ్చిపోయిన మనిషి నన్నొక మాట అడిగాడు. దేవుడు ఈ ఊళ్ళో ఉన్నాడా, లేక ఆయన్ని కూడా మనం గేటు దగ్గరే ఆపేశామా? నాకు తెలియలేదు. మీరు చెప్పండి."

"పండగ పూట ఈ ఏడుపేంటత్తా?" అన్నాడు రాయప్ప.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫిలేమోను తల వంచుకున్నాడు. "ఆలోచించుకోవాలి దీనమ్మా. గడువియ్యి."

"ఇస్తాను పెద్దయ్యా. ఆలోగా ఆ గేటు ఊడదీస్తారో, దేవుడు ఈ ఊళ్ళో లేడని ఒప్పుకుంటారో మీ ఇష్టం. డిసెంబరు ఇరవై నాలుగు, పొద్దు గూకేలోగా నాకు జవాబు కావాలి."

పిల్లలూ, క్రిస్మస్ పుట్టినవాడిదే కానీ కొన్నవాడిది కాదు. ఆకలిగొన్నవాణ్ణి బయట నిలబెట్టి చేసే పండుగలో క్రీస్తు కూడా బయటే ఉంటాడు.