వెనక సీటు

ఉస్తాద్ కరామత్ అలీ దగ్గర పాత విమానాలు బాగుచేయడం నేర్చుకుంటున్న మృదులకు ఒకటే భయం. రంగు తప్పుతుందేమోనని.

ఆ భయం ఊరికే పుట్టలేదు. పాత విమానాలంటే పడిచచ్చేవాళ్ల సంగతి పడ్డవాళ్లకే తెలుసు. ఇంజను మొరాయించినా క్షమిస్తారు గానీ, ఎప్పటిదో పసుపు కాస్త నిమ్మపండు వైపు జరిగిందంటే ఊరుకోరు. అసలు రంగుల నమూనా అట్టలు జేబులో పెట్టుకుని తిరుగుతూ, కోడిగుడ్డు మీద ఈకలు పీకుతుంటారు.

అలాంటివాళ్లకు పెద్ద సదానందం గారు. నగరం శివార్లలో ఎవరూ వాడని రన్‌వే పక్కన ఉస్తాద్ షెడ్డు ఉంది. ఆ షెడ్డులోని పసుపు శిక్షణ విమానం ఆదివారం పొద్దున మళ్లీ గాల్లోకి లేవబోతోంది. సదానందం గారు ముందుగానే వచ్చి, కుడి రెక్క దగ్గర అట్ట పెట్టి చూసి, "అమ్మాయీ, ఈ పలక ఒక ఛాయ తేలిపోయిందే" అనేసి వెళ్లారు.

పలకంటే రెక్క వెనక అంచున కీళ్ల మీద పైకీ కిందికీ ఆడే ముక్క. విమానం పక్కకు వాలాలన్నా, వాలింది నిలబడాలన్నా అదే దిక్కు.

ఆ మాట మృదులకు కంట్లో నలుసైంది. శుక్రవారం ఉస్తాద్ నమాజుకు పోయి, అట్నుంచటే చుట్టాలింటికి పోయారు. ఆ సందు చూసి ఆమె కుడి పలకకు ఇంకో పూత వేసింది. ఆరాక చాలదనిపించి మరో పూత వేసింది. అప్పుడు కుదిరింది. పక్కన పెడితే ఏది అట్టో ఏది పలకో తెలియనంతగా కుదిరింది. సంతోషం పట్టలేకపోయింది గానీ, ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దున ఉస్తాద్ విమానం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. కుడి పలక దగ్గర ఆగి, అంచు మీద బొటనవేలు రాశారు.

"రంగు కుదిరిందా బిడ్డా?"

"కుదిరింది ఉస్తాద్."

"మంచిది. రేపు వెనక సీట్ల నువ్వు కూసో."

మృదుల మొహం వెలిగిపోయింది. ఆ సీటు కోసం ఆమె ఎన్నాళ్లుగా కలలు కంటోందో షెడ్డులో అందరికీ తెలుసు. విమానం నడపబోయే కెప్టెన్ దినకర్ అక్కడే టీ తాగుతున్నాడు. ఆమె మొహం చూసి నవ్వాడు.

"మీరు వెనకుంటే నాకింకేం భయమండీ? రెక్కలు చూసిన మనిషే కూర్చున్నాక!"

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మృదుల చూపు కుడి రెక్క మీదికి పోయింది.

బెల్టు కొలత చూసుకోమని దినకర్ చెబితే ఆమె వెనక సీటులోకి ఎక్కింది. అక్కడ కూర్చుంటే కుడి పలక కళ్లెదురుగా కనిపిస్తుంది. విమానాన్ని వాల్చే చేతి కర్రను కొంచెం కదిపింది. పలక లేచింది, పడింది.

షెడ్డు గోడకు చినిగిపోయిన పలక ఒకటి మేకుకు వేలాడుతుంటుంది. దాని సంగతి ఉస్తాద్ ఒకే ఒక్కసారి చెప్పారు. రంగుకూ బరువుంటుంది. వెనక అంచు బరువెక్కిన పలక వేగంలో వణకడం మొదలుపెడుతుంది. వణుకు పట్టాక పైలట్ చేతిలో ఏమీ ఉండదు, రెప్పపాటులో రెక్క విరుగుతుంది. అందుకే రంగు వేసిన ప్రతిసారీ పలకను విప్పి, కీళ్ల మీద ఏ వైపూ వాలకుండా నిలుస్తుందో లేదో తూకం చూడాలి. ఆ చినిగిన పలక ఉన్న విమానం నడిపినవాడి పేరు చెప్పబోయి ఉస్తాద్ ఆగిపోయారు.

శుక్రవారం వేసిన పూతలకు ఆమె తూకం చూడలేదు.

పలచటి పూతలు, ఎంత బరువుంటాయిలే అనుకుంది. ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. పోనీ, రేపు కడుపునొప్పి అని ఇంట్లో పడుకుంటే? ఎవరు కాదంటారు?

అలా అనుకుని తల ఎత్తేసరికి ఎదురుగా ముందు సీటు కనిపించింది.

తను ఎక్కకపోయినా అందులో దినకర్ కూర్చుంటాడు. కూర్చుంటాడని నిన్న కూడా తెలుసు. తెలిసీ, నిన్న రెండో పూత వేస్తుంటే పాట పాడుకుంది. ఆ సంగతి ఇప్పుడు మృదులకు గుర్తొచ్చింది. రేపు గాల్లో ఏమవుతుందోనన్న భయం కంటే, నిన్న తనకు భయం వేయలేదన్నదే ఎక్కువ భయపెట్టింది.

బెల్టు విప్పింది. దిగి ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది.

"ఉస్తాద్, కుడి పలక ఇప్పాలె. మీరు లేనప్పుడు రెండు పూతలు వేసిన. తూకం చూడలే."

పానా అప్పటికే ఉస్తాద్ చేతిలో ఉంది. తూకం స్టాండు కూడా షెడ్డు మధ్యలోకి వచ్చి ఉంది, దుమ్ము తుడిచి ఉంది.

ఇద్దరూ కలిసి పలక విప్పి, కీళ్లను స్టాండు అంచుల మీద నిలిపారు. మృదుల చేయి వదిలింది. పలక ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, వెనక అంచు కిందికి వాలిపోయి టక్కున బల్లకు తగిలింది. ఆమె కళ్లు మూసుకుంది.

"మీకు ముందే తెలుసా ఉస్తాద్?"

"నిన్న రాత్రి వచ్చి తలుపు తీయంగనే రంగు వాసనొచ్చింది."

"మరి పొద్దుగాల్నే ఎందుకు తిట్టలే?"

ఉస్తాద్ గోడ మీది చినిగిన పలక వైపు చూశారు.

"నా భయం నా దగ్గరున్నది బిడ్డా. నీది నీకు రావాలె."

అని, రంగు గీకే ఎమెరీ కాగితం ఆమె చేతిలో పెట్టి టీకి వెళ్లిపోయారు.

మృదుల నీళ్లు చల్లుకుంటూ రుద్దింది. అంత అందంగా కుదిరిన పసుపు వేళ్ల సందుల్లోంచి పసుపునీళ్లై కారిపోయింది. మళ్లీ స్టాండు మీద పెట్టి చేయి వదిలితే పలక ఎక్కడ ఉంచితే అక్కడే నిలిచింది. నమ్మకం కుదరక ఇంకోసారి పెట్టింది. ఉస్తాద్ వచ్చి చూశాక గానీ దాన్ని రెక్కకు బిగించలేదు.

ఆదివారం విమానం లేచింది. దినకర్ కింద చెరువునూ కొండనూ చేత్తో చూపిస్తూనే ఉన్నాడు. వెనక సీట్లో మృదుల ఒక్కటీ చూడలేదు. కుడి పలక మీంచి కళ్లు తిప్పలేదు.

దిగాక చప్పట్లు మోగాయి. సదానందం గారు అందరికంటే ముందు పరుగున వచ్చి, కుడి రెక్క దగ్గర అట్ట పెట్టారు.

"అమ్మాయీ, ఇది అలాగే తేలిపోయి ఉందే! చూడు, చూడు!"

"అవునండీ," అంది మృదుల.

దినకర్ ముందు సీట్లోంచి లేచి రెండు కాళ్లూ నేల మీద పెట్టేదాకా ఆమె అట్ట వైపు తిరగలేదు.